ఫోటోలో పడ్డ పెదనాన్న

దెయ్యాల ఫోటోలు తియ్యడం నా హాబీ. పెళ్లిచూపుల్లో ఈ మాట ఎత్తొద్దని అమ్మ ముందే హెచ్చరించింది. ఎవరైనా అడిగితే స్టాంపులు సేకరిస్తానని చెప్పమంది. పిడుగురాళ్లలో స్టాంపులు సేకరించే కుర్రాడున్నాడంటే ఎవరూ నమ్మరనీ, దెయ్యాల్ని సేకరించేవాడున్నాడంటే వెంటనే నమ్ముతారనీ ఆమెకి తెలీదు.

బతుకుతెరువు మాత్రం ఫోటో స్టూడియోలోనే. పాస్‌పోర్టు ఫోటోలు, ఓణీల ఫంక్షన్లు, పెళ్లిళ్లు. "కదలొద్దు, గడ్డం కొంచెం కిందికి, నవ్వొద్దు" అని పగలంతా బతికున్నోళ్లకి చెప్పి చెప్పి విసుగొస్తుంది. దెయ్యాలతో ఆ బాధ లేదు. అవి చెప్పినా వినవు, చెప్పకపోయినా వినవు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను దెయ్యాల్ని నమ్మను. కరెంటు పోతే మా ఇంట్లో అందరికంటే ముందు అరిచేది నేనే, అది వేరే సంగతి.

ఇదంతా పెదనాన్న పోయినప్పుడు మొదలైంది. ఆయనా నాన్నా ఒకే సున్నపు బట్టీలో పనిచేసేవాళ్లు. బట్టీలో కాలిన రాయి మీద నీళ్లు చల్లితే అది బుసలు కొట్టి, విచ్చి, పొడైపోతుంది. ఆ పొడిని జల్లించి బస్తాలకెత్తడం అన్నదమ్ములిద్దరి పని. పెదనాన్న బస్తా మూతి పట్టుకునేవాడు, నాన్న పారతో పోసేవాడు. సాయంత్రం ఇద్దరూ ఇంటికొస్తుంటే ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. తల నుంచి కాలి దాకా తెలుపే. కళ్లు మాత్రం ఎర్రగా ఉండేవి.

పెదనాన్న ఆయాసంతో పోయాడు. ఆయాసం అనేది మా వీధిలో జబ్బు పేరు కాదు, వయసు పేరు. "ఏంది, ఆయాసం వచ్చిందా?" అంటే "పెద్దోడివయ్యావా?" అని అర్థం. కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. ఏ పరీక్షా చేయించలేదు.

మా ఇళ్లల్లో పెద్ద కర్మకి ముందు ఒక పని చేస్తారు. ప్రాణం పోయిన చోట బియ్యప్పిండి పల్చగా పరిచి, పక్కన దీపం పెట్టి, పిండి మీద గంప బోర్లిస్తారు. అందరూ బయటికి పోయి తలుపు దగ్గరగా వేస్తారు. కాసేపాగి లోపలికొచ్చి గంప ఎత్తి చూస్తారు. పిండిలో ఏ అడుగు పడితే పోయినవాళ్లు ఆ జన్మ ఎత్తినట్టు.

గంప మా మేనత్త ఎత్తింది. పిండిలో ఏదో గీత ఉంది. పిట్ట కాలని ఒకరు, కాదు పసిబిడ్డ మడమని ఇంకొకరు. ఎవరో మెల్లగా ఎలక అన్నారు. అత్త వాళ్లకేసి చూసిన చూపుకి ఎలకైనా సరే చచ్చేది.

"నాకు లారీ టైరు మచ్చలాగుందత్తా," అన్నాను నేను.

వీపు మీద ఒకటి పడింది. నా నోటికి అలవాటే, ఏడుపొచ్చే చోట ముందు జోకు పడిపోద్ది.

తగువు తీరడానికి ఫోన్ తీసి ఫ్లాష్ వేసి ఆ గీతని ఫోటో తీశాను, పెద్దది చేసి చూద్దామని. గీత సంగతి పక్కనబెడితే, పిండి పైన గాల్లో గుండ్రంగా, తెల్లగా, వెన్నెల బిళ్లల్లాంటివి నాలుగైదు తేలుతున్నాయి ఫోటోలో. మామూలు కంటికి అక్కడేమీ లేదు.

ఫోన్ గదంతా చేతులు మారింది. తర్వాత అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఒరేయ్... మా అన్నరా!"

"అత్తా, గంప ఎత్తినప్పుడు పిండి లేచింది. లెన్సుకి దగ్గరగా ఉన్న ధూళి ఫ్లాష్ వెలుగుకి మెరిసి అట్టా గుండ్రంగా పడుద్ది. స్టూడియోలో దుమ్ము దులిపిన రోజు పాస్‌పోర్టు ఫోటోల్లో కూడా పడతాయి."

నిజం చెప్పాను. ఎవరూ నమ్మలేదు. జోకు వేస్తే కొట్టినవాళ్లు నిజం చెప్తే జాలిపడ్డారు. "చిన్నోడు బెదిరాడు పాపం," అని నాకు విభూతి పెట్టారు.

అలా మొదలైంది. మా పక్కింట్లో ఒక మెకానిక్ ఉంటాడు. సాయిబుల ఇల్లు. నేను మామా అంటాను, ఆయన అల్లుడూ అంటాడు. ఫోటో సంగతి విని వచ్చాడు.

"అల్లుడూ, మా అబ్బాని కూడా ఒకటి తియ్యరా. బతికినంత కాలం ఫోటోకి నిలబడమంటే నిలబడలా."

"మామా, అది దుమ్ము."

"దుమ్మేలేరా. తియ్యి, పోయేదేముంది?"

పోయిన వాళ్ల నాన్న కోసం మామ షెడ్డులో తీశాను. సాయంత్రం పూట, సగం షట్టర్ వేసి. రేకుల సందులోంచి వచ్చే ధూళికి కొదవేముంది మా ఊర్లో! చెట్ల ఆకులు కూడా తెల్లగానే పుడతాయని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఫోటోలో పాత టైర్ల పక్కన ఒక బిళ్ల పడింది. మామ ఫోన్ తీసుకుని వెలుగులోకి పోయి చూశాడు.

"సరిగ్గా ఆడనే కూర్చుని నన్ను తిట్టేవాడు," అన్నాడు చివరికి. తిట్లు ఎంత బాగున్నాయో అన్నట్టు అన్నాడు.

అప్పుడు నాకు ఈ హాబీ అంటే ఏమిటో కొంచెం అర్థమైంది. నేను ధూళిని తీస్తాను. దానికి పేరు వాళ్లు పెట్టుకుంటారు. ఎవరికి ఎక్కడ ఖాళీ ఉందో వాళ్లకి ముందే తెలుసు, ఫోటో అక్కడొక చుక్క పెడుతుంది, అంతే. పాడుబడ్డ బట్టీలూ, రాయి తవ్వేసిన గుంటలూ, ఆదివారం పూట తాళం వేసిన మిల్లులూ తిరిగి తీస్తుండేవాణ్ణి. మంచి ఫోటోలే పడ్డాయి. నాకు భయమేసేవి కూడా కొన్ని ఉన్నాయి. దుమ్మని తెలిసి భయపడటానికి కొంచెం ప్రతిభ కావాలి, అది నాకుంది.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. అసలు చిక్కు నాన్నతో వచ్చింది.

పెదనాన్న పోయాక నాన్న మాట తగ్గించేశాడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. బట్టీలో బస్తా మూతి పట్టుకోవడానికి ఎవరో కొత్తాయన్ని పెట్టారు. ఆ మనిషి పేరు కూడా నాన్న ఇంట్లో ఎప్పుడూ పలకలేదు. ఒకరోజు అన్నం క్యారేజీ ఇవ్వడానికి నేనే బట్టీకి వెళ్లి, పార పట్టుకుని నిలబడ్డ నాన్నని ఫ్లాష్ వేసి ఒక ఫోటో తీశాను. ఎడం భుజం పక్కన, చెవి ఎత్తున, పెద్ద తెల్ల బిళ్ల పడింది.

నాన్న ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుని చూశాడు.

"అన్న," అన్నాడు.

"నాన్నా, సున్నం ధూళి అది."

"సున్నం గురించి నువ్వు నాకు చెప్తావా? మరి కుడి పక్కన లేదేంది? ఆడు ఎప్పుడూ నాకు ఎడం పక్కనే నిలబడేవాడు."

గాలి అటు నుంచి వీస్తోందని చెప్పొచ్చు. చెప్పలేకపోయాను, ఎందుకంటే నాన్న నవ్వుతున్నాడు. ఆ రోజు రాత్రి పప్పులో ఉప్పు తగ్గిందన్నాడు. అమ్మ ఎంత మురిసిందో! వంకలు పెట్టే మొగుడు తిరిగొచ్చాడని.

అప్పట్నుంచి నాన్న ఆ ఫోటోని తన ఫోన్లో పెట్టుకుని కనపడినోళ్లందరికీ చూపించాడు. అంతకుముందు ఒళ్లు బాగాలేకపోతే ఓ పూట మానేసేవాడు. ఫోటో పడ్డాక జ్వరమొచ్చినా ఆగలేదు. "అన్న ఉంటాడుగా" అనేవాడు. బట్టీకి పనికి పోతున్నట్టు కాదు, చుట్టాలింటికి పోతున్నట్టు పోయేవాడు.

దగ్గు ఎప్పుడు మొదలైందో నాకు తెలీదు. అదే నాకిప్పటికీ గుండెలో గుచ్చుకునే సంగతి. గడియారం చప్పుడు ఎప్పుడు మొదలైందో ఎవరికి తెలుస్తుంది? ఒకరోజు సాయంత్రం కొత్త లెన్సు పరీక్షిద్దామని, పనినుంచొచ్చి గుమ్మంలో తువ్వాలు దులుపుతున్న నాన్నని తీశాను. ఫోటోలో ఆయన చుట్టూ వందల బిళ్లలు. మొహం కనపడటంలేదు. పెదనాన్న ఒక్కడే అయితే ఇంతమంది ఎవరు?

ఆ క్షణంలో, తువ్వాలు దులుపుతూనే, ఆయన దగ్గాడు. లోపలెక్కడో కంకర తిరగేసినట్టు చప్పుడు. పెదనాన్న దగ్గు నాకు గుర్తే. అదే.

మర్నాటి నుంచి నేను దగ్గుల్ని వింటూ బతకడం మొదలుపెట్టాను. స్టూడియోలో ఎవరు దగ్గినా ఉలిక్కిపడేవాణ్ణి. ఒక పెళ్లికొడుకు ఫోటోకి ముందు గొంతు సవరించుకుంటే "ఎన్నాళ్ల నుంచి?" అని అడిగేశాను. వాళ్ల మామగారు నన్ను అనుమానంగా చూశాడు.

నరసరావుపేట పోయి ఎక్స్‌రే తీయిద్దామంటే నాన్న వినడు.

"ఎక్స్‌రే అంటే ఏంది? ఫోటోనేగా. ఇంట్లో ఫోటోలు తీసేవాణ్ణి పెట్టుకుని పేట దాకా ఎందుకు?"

అమ్మ బతిమాలింది, అలిగింది. అత్త ఫోన్లో ఏడ్చింది. మామ వచ్చి ఇంజన్‌తో పోల్చి చెప్పాడు, ఫిల్టరు మూసుకుపోతే బండి ఏమవుద్దో. నాన్న అన్నీ విని "సరే చూద్దాం" అన్నాడు. మా ఇంట్లో "చూద్దాం" అంటే చూసేది లేదని.

చివరికి విసుగెత్తి నా నోరు తన పని తను చేసింది. "నాన్నా, నా కెమెరా బయటిది తీస్తది, ఎక్స్‌రే లోపలది తీస్తది. పెదనాన్న బయటుంటే నాకు పడ్డాడు. లోపలుంటేనో? అది ఎక్స్‌రేకే పడాల."

అమ్మ నన్ను కొట్టడానికి గరిటె ఎత్తింది. నాన్న నవ్వలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని అరుగు మీద కూర్చున్నాడు. "బస్సు ఎన్నింటికిరా?" అన్నాడు. నా జోకుల్లో ఒక మనిషిని కదిలించింది అదొక్కటే. దానికి నవ్వు రాలేదు, భయమేసింది.

పేటలో ఎక్స్‌రే తీసే అతను నాన్నని పలకకి ఆనించి నిలబెట్టి "గాలి పీల్చి ఆపండి, కదలొద్దు" అన్నాడు. నాన్న పీల్చాడు. ఆపలేక దగ్గాడు. మళ్లీ. మళ్లీ దగ్గు. "పెద్దాయనా, కదిలితే ఫోటో చెడిపోద్ది." రోజూ నేను జనానికి చెప్పే మాటే. అద్దం వెనక నిలబడి నేను కూడా ఊపిరి బిగబట్టాను, నేను ఆపితే ఆయనకి సాయమవుతుందేమోనన్నట్టు.

డాక్టరమ్మ ఫిల్మ్‌ని దీపం పెట్టెకి తగిలించింది. నేను ఫోటోలు చూసి బతికేవాణ్ణి, చూడగానే కళ్లు అవే వెతుక్కున్నాయి. పక్కటెముకల వెనక, రెండు వైపులా, పైభాగంలో సన్నగా తెల్ల చుక్కలు. సున్నం చల్లినట్టు.

నాన్న కూడా చూశాడు. ముందుకి వంగాడు. "ఆ తెల్లగా ఉండేవి ఏందమ్మా?"

"అవేనండీ అసలు సంగతి."

నాన్న నాకేసి తిరిగి నవ్వాడు. చూశావా నేను చెప్పలా, అన్నట్టు. ఆ నవ్వుని ఎక్కడ దాచుకోవాలో నాకు తెలీలేదు.

"ఏం పని చేస్తారు?" అడిగింది డాక్టరమ్మ.

"సున్నం బట్టీలోనండీ."

"మూతికి గుడ్డ కట్టుకుంటారా?"

"తువ్వాలు ఉంటదమ్మా, మెళ్లో."

"మెడ బానే ఉంది. ఊపిరితిత్తుల సంగతే చూడాలి."

ఆమె రెండు మాటలు చెప్పింది. ఇది టీబీ కావచ్చు, ధూళి పేరుకుని కావచ్చు. టీబీ అయితే మందులున్నాయి, క్రమం తప్పకుండా వాడితే తగ్గిపోతుంది. ధూళి అయితే దాన్ని బయటికి తీసే మందు లేదు. "పని మానేస్తే ఇంతటితో ఆగొచ్చు, ఆగకపోవచ్చు. మానకపోతే మాత్రం ఆగదు." కళ్లె పరీక్షకి ఇచ్చి, ఫలితం ఫోన్లో చెప్తామంటే ఇంటికొచ్చాం.

ఆ ఫలితం కోసం ఎదురుచూసిన రోజుల్లో మా ఇల్లు లోకంలో ఏ ఇల్లూ చెయ్యని పని చేసింది. టీబీ అవ్వాలని మొక్కుకుంది. అమ్మ టీబీ అయితే పొంగళ్లు పెడతానని అమ్మవారికి మొక్కింది. మామ దర్గాకి పోయొచ్చాడు.

"టీబీ రావాలని దువా చెయ్యమంటే ఆడుండే పెద్దాయన రెండోసారి అడిగాడ్రా. పగోడికా? అన్నాడు. కాదయ్యా, మా బావకే అన్నా."

నేను మాత్రం ఏమీ మొక్కుకోలేకపోయాను. టీబీ అయితే మందులు వాడతాడు, తగ్గుతుంది, తగ్గగానే లేచి మళ్లీ బట్టీకే పోతాడు, అన్న దగ్గరికి. ధూళి అయితే మందు లేదు, కానీ మానేస్తాడేమో. ఒకటి అడిగితే రెండోది పోతుంది. దేవుడి ముందు నిలబడి, ఏం ఆర్డరు ఇవ్వాలో తెలీక హోటల్లో మెనూ చూస్తూ కూర్చున్నవాడిలా ఉండిపోయి వచ్చేశాను.

ఫోటోలు తీయడం ఆపేశాను. పాతవి చూస్తూ కూర్చున్నాను. అందులో ఒక దసరాది దొరికింది. బట్టీ దగ్గర పారలకీ జల్లెళ్లకీ పసుపు కుంకుమ పెట్టి పూజ చేసినప్పుడు, పనోళ్లందర్నీ నిలబెట్టి నేనే తీశాను. నాన్నా పెదనాన్నా పక్కపక్కన. ఫోటో నిండా తెల్ల బిళ్లలే. అప్పట్లో పట్టించుకోలేదు, ఫోటో చెడిందని పక్కన పడేశాను.

కానీ అప్పటికి పెదనాన్న బతికే ఉన్నాడు. మరి అవి ఎవరివి?

ఒకటి సరిగ్గా పెదనాన్న ముక్కు ముందు ఉంది. నోరు తెరిచి నవ్వుతున్నాడాయన. ఇంకో క్షణంలో లోపలికి పోతుంది.

ఫోన్ మధ్యాహ్నం వచ్చింది. అవతల ఒక నర్సమ్మ, సంతోషంగా ఉంది గొంతు. "శుభవార్త అండీ, టీబీ లేదు." నేను థాంక్సండీ అన్నాను. ఏమనాలో తెలీక, మీకు కూడా అన్నాను. అమ్మ నా మొహం చూసి చెంగు నోట్లో కుక్కుకుంది. శుభవార్త విని అంతగా ఏడ్చిన మనిషిని నేను చూడలేదు.

నాన్న దొడ్లో మంచం మీదున్నాడు. పోయి పక్కన కూర్చున్నాను. ఏదో జోకు తడుతుందేమోనని కాసేపు ఆగాను. తట్టలేదు. దసరా ఫోటో తీసి చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూశాడు. అన్న మొహం మీద వేలు పెట్టి పెద్దది చేశాడు. నేను నోరు తెరవకముందే అర్థమైనట్టుంది, సున్నం గురించి ఆయనకి ఒకరు చెప్పాలా.

"అయితే అన్నకీ ఇదేనా?"

"ఇదే అయ్యుంటది నాన్నా."

"ఆయాసం అనుకున్నాం."

"అవును."

దగ్గాడు. ఇద్దరం ఆ దగ్గు అయ్యేదాకా ఆగాం, లారీ పోయేదాకా రోడ్డు పక్కన ఆగినట్టు.

"నేను మానేస్తే," అన్నాడు మెల్లగా, "ఆడు ఆడ ఒక్కడే ఉంటాడు కదరా."

దుమ్ము అనాలి. అన్నిసార్లు అన్నవాణ్ణి ఈసారి అనడానికేం? అనలేకపోయాను.

"నాన్నా, పెదనాన్న ఉంటే నీ పక్కనుంటాడు గానీ, బట్టీ పక్కన ఎందుకుంటాడు? ఆ బట్టీ ఆయనకేం చేసింది?"

ఈ మాట నమ్మి అన్నానో, పని జరగాలని అన్నానో నాకే తెలీదు.

నాన్న నా మొహం చూశాడు, జోకా కాదా అని. "అట్టంటావా?" అన్నాడు. ఫోన్ నాకు తిరిగిచ్చాడు.

రోజూ పొద్దున మా సందు చివరికి బట్టీ కూలీల ఆటో వస్తుంది. హారన్ కొడుతుంది. నాన్న ఆ వేళకి లేచి, మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీద కూర్చుంటాడు. "రా అన్నా!" అని ఆటోలోంచి కేకేస్తారు. నేను పళ్లు తోముకునే వంకతో గుమ్మానికి అడ్డంగా నిలబడతాను. ఇంతసేపు పళ్లు తోమే కుర్రాడు పల్నాడులో ఇంకోడు ఉండడు. అమ్మ వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపేస్తుంది.

"మీరు పోండ్రా," అంటాడు నాన్న. "మూతికి గుడ్డ కట్టుకోండి."

ఆటో కదిలాక కూడా ఆయన అటే చూస్తుంటాడు. ఒక్కోరోజు లేచి నిలబడతాడు, రెండడుగులు వేస్తాడు. నా నోట్లో నురగ అలాగే ఉంటుంది, ఉమ్మడం మర్చిపోతాను. తర్వాత ఆయన తిరిగొచ్చి కూర్చుంటాడు.

ఇవ్వాళ పోలేదు. రేపటి సంగతి రేపు ఆటో వచ్చాక తెలుస్తుంది.